మొదటి మంద పటేలుది

కోదాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లుగా పౌరశాస్త్రం చెబుతున్నాను. అందులో అధికారం గురించి ఒక పాఠం ఉంది. బలవంతుడు ప్రతిసారీ కర్ర పట్టుకుని రాడు, చాలాసార్లు బలహీనుడే ముందుకొచ్చి వంగుతాడు, పైగా అది తన ఇష్టమే అనుకుంటాడు అని దాని సారాంశం. పుస్తకంలో ఒకటిన్నర పేజీ. నేను నాలుగు పీరియడ్లు చెబుతాను. ఆ పాఠమంటే నాకు ప్రాణం. చెబుతుంటే గొంతు దానంతటదే పెరుగుతుంది, పక్క గదిలో లెక్కలు చెప్పే సారు లేచి తలుపు వేసుకుంటాడు.

పోయిన ఏడాది ఆ పాఠం మధ్యలో ఒక అమ్మాయి లేచింది. కరస్పాండెంటు గారు వరండాలో నడిచిపోతుంటే మీరు పాఠం ఆపి, తలుపు దాకా వెళ్లి, నమస్తే ఎందుకు పెడతారు మేడం అని అడిగింది. అది క్రమశిక్షణ అన్నాను. క్రమశిక్షణకూ వంగడానికీ తేడా ఏమిటని అడిగింది. ఆ తేడా పరీక్షలో రాదని చెప్పి ఆ అమ్మాయిని మూడో బెంచీ నుంచి చివరి బెంచీకి మార్చాను. నాకు కోపం కొంచెం ఎక్కువ. అందులోనూ సరైన ప్రశ్న అడిగినవాళ్ల మీద మరీ ఎక్కువ.

మాది గరిడేపల్లి దగ్గర ఊరు. మా నాయినకు అరవై డెబ్బై గొర్రెల మంద ఉంది. వాళ్ల నాయినకూ ఉండేది, ఆయన నాయినకూ ఉండేది. నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో గొర్రెల వాసనే, కోదాడలో కిరాయికున్న ఇంటికి వెళ్లాక కూడా చాలాకాలం నా పుస్తకాల సంచీలోంచి వచ్చేది. మా నాయిన చదువుకోలేదు. కానీ మందలో ఏ గొర్రె కుంటుతోందో, ఏది ఇవాళ నీళ్లు తాగలేదో దూరం నుంచి చూసి చెప్పేవాడు.

మా వైపు కోతలు అయిపోయి, గొర్రెలు కోయగా మిగిలిన కొయ్యకాళ్లు మేసి, రోహిణి కార్తె వచ్చేసరికి పొలాల్లో మంద పెట్టించుకుంటారు. మంద పెట్టడమంటే మరేం లేదు. పగలంతా మేసి వచ్చిన గొర్రెలను రాత్రికి ఒక రైతు పొలంలో వల కట్టి పడుకోబెడతారు. ఇవాళ ఈ మూల, రేపు ఆ మూల. పెంటికలు, మూత్రం నేలలో పడతాయి. వాన పడగానే దున్నితే ఆ ఏడు పంట తీరే వేరు. యూరియా బస్తా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడాల్సిన పని ఉండదు. కాకపోతే వాన పడక ముందే పెట్టాలి. తడి నేలలో గొర్రె పడుకోదు, బలవంతాన పడుకోబెడితే కాళ్లు చెడతాయి. అంటే మంద పెట్టడానికి దొరికేది రోహిణి కార్తె, అదృష్టం బాగుంటే మిరుగు, అంటే మృగశిర, మొదట్లో రెండు మూడు రోజులు.

ఆ రోజులన్నీ మా ఊరి పెద్దమనిషి పటేలువి. మొదటి మంద పటేలు పొలంలో పెట్టాలన్నది మా ఇంట్లో ఎవరూ రాయని, ఎవరూ చెరపని చట్టం. కాలువ కింద ఆయనకు ఎనిమిదెకరాలు. అందులో ఎకరంన్నర మీద మంద తిరిగేసరికే రోహిణి అయిపోతుంది, ఆకాశం కమ్ముతుంది, మా నాయిన వల చుట్టేస్తాడు. ఆ పొలానికీ మాకూ ఉన్న లావాదేవీ అంతా ఒక తువ్వాలు, ఒక పూట భోజనం.

మా అమ్మకు ఒక ఎకరం ఉంది. ఆమెది హాలియా దగ్గర ఊరు. వాళ్ల అన్న అక్కడి పొలంలో ఆమె భాగానికి బదులుగా మా ఊళ్లోనే, కాలువకు పైన, వానకే పండే చెలక ఒక ఎకరం కొని ఆమె పేరు మీద పెట్టాడు. పందొమ్మిదేళ్లయింది. పట్టాదారు పాసుపుస్తకం మీద అమ్మ ఫొటో ఉంటుంది, అందులో ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు కనిపిస్తుంది. ఈ పందొమ్మిదేళ్లలో సొంత గొర్రెల పెంటిక ఒక్కటి ఆ ఎకరంలో పడలేదు. అటు పక్క చెలకలో పత్తి నడుము దాకా పెరిగితే అమ్మ పత్తి మోకాలి దగ్గర ఆగిపోయి, పసుపుపచ్చగా, తిండి పెట్టని ఇంట్లో పిల్లలా నిలబడేది. గొర్లోళ్ల చెలకేనా ఇది అని దారిన పోయేవాళ్లు అడుగుతారని అమ్మ గట్టు మీద కూర్చోవడం కూడా మానేసింది.

ఈ ఏడు రోహిణి వచ్చిన మర్నాడు, సోమవారం, అమ్మ ఫోన్ చేసింది. ఈసారి మంద తన ఎకరం మీద పడకపోతే హాలియాకు, అన్న దగ్గరికి వెళ్లిపోతానంది. అమ్మ అలాంటి మాటలు అనే మనిషి కాదు. అప్పటికే ఇంట్లో ఒక గొడవ అయిందట. గొడవకు భయపడి మా నాయిన మందను పటేలు పొలంలోకీ తోలలేదు, అమ్మ చెలకలోకీ తోలలేదు, ఊరి బయట గుట్ట కింద బండల మీద పెట్టాడు. ఆ వారం ఆ బండలకు మంచి ఎరువు పడింది.

వస్తున్నాను, నేను మాట్లాడతాను అన్నాను. వెంటనే మాత్రం వెళ్లలేదు. ఎండాకాలంలో మాకు పాఠాలుండవు, అడ్మిషన్లుంటాయి. అనంతగిరి వైపు ఊళ్లన్నీ తిరిగి, పదో తరగతి పాసైన పిల్లల ఇళ్లలో మంచినీళ్లు తాగి, మా కాలేజీ ఎంత గొప్పదో చెప్పి రావాలి. సెలవు అడగాలంటే కరస్పాండెంటు గారి గదిలోకి వెళ్లాలి. ఆ గది తలుపు దాకా రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ మంచినీళ్ల క్యాన్ దగ్గరికి వచ్చినట్టు నటించి వెనక్కి తిరిగాను. ఆదివారం ఎలాగూ వస్తుంది కదా అనుకున్నాను. ఆరు రోజులు అలా పోయాయి.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. మా నాయిన వేపపుల్ల నములుతూ అరుగు మీద ఉన్నాడు. నేను పాఠం మొదలుపెట్టాను. నాలుగు పీరియడ్ల పాఠాన్ని ఒక పీరియడుకు కుదించి, పిల్లలకు చెప్పినట్టే అడిగాను. పటేలు వచ్చి మంద పెట్టమని అడుగుతున్నాడా? లేదన్నాడు. పెట్టకపోతే కొడతాడా, తిడతాడా? ఎందుకు కొడతాడు, పాపం ఆయనకు షుగరు అన్నాడు. మరెందుకు పెడుతున్నావు?

మా నాయిన దగ్గర ఒక కారణం లేదు, మూడున్నాయి. మా ముత్తాత మందతో ఈ ఊరు వచ్చినప్పుడు దొడ్డి కట్టుకోవడానికి జాగా చూపించింది వాళ్లట. ఒక కరువులో గొర్రెలకు వాళ్ల బావి తెరిచారట. మూడోది చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. నేను పుట్టకముందు ఒక ఏడు మొదటి మంద వేరే వాళ్ల పొలంలో పెడితే ఆ నెలలోనే గొర్రెపిల్లలు వరసగా చచ్చాయట. ఆ ఏడు జిల్లా అంతటా గొర్రెలకు రోగం వచ్చింది కదా అని లోపలి నుంచి అమ్మ అంది. పటేలు పొలంలో పెట్టినవాళ్లవి కూడా చచ్చాయంది. మా నాయిన ఆ మాట వినపడనట్టు పుల్ల పారేసి నోరు పుక్కిలించాడు.

“అట్ల కాదు బిడ్డా, ఇన్నేండ్లు పెట్టి ఇప్పుడు బంద్ జేస్తే పటేల్ ఏమనుకుంటడు?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏమనుకుంటాడో ఆయన్నే అడుగుదాం పద అన్నాను. మా నాయిన వద్దన్నాడు. ఎందుకు వద్దు, భయమా అన్నాను. భయం కాదన్నాడు. అయితే పద అన్నాను. అమ్మ వాకిట్లో చేట పట్టుకుని నిలబడి నా వైపు ఒక చూపు చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

పటేలు ఇప్పుడు సూర్యాపేటలో ఉంటాడు. ఫోన్ చేస్తే ఆ రోజూ మర్నాడూ మిర్యాలగూడలో పెళ్లిలో ఉన్నాడని, మంగళవారం రమ్మని వాళ్లింట్లో చెప్పారు. కాలేజీకి ఫోన్ చేసి నాకు జ్వరం అన్నాను. ఫోన్లో అబద్ధం చెప్పేటప్పుడు కూడా మంచం మీద నుంచి లేచి నిలబడి చెప్పానని మా అమ్మ తర్వాత గుర్తుచేసింది.

మంగళవారం మా నాయిన ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. బస్సులో నేను ఆయనకు నేర్పిస్తూనే ఉన్నాను. నేల మీద కూర్చోవద్దు. చేతులు కట్టుకోవద్దు. ప్రతి మాటకూ అవును పటేలా అనొద్దు. మన గొర్రెలు, మన ఇష్టం, ఆ ముక్క గుర్తుపెట్టుకో. మా నాయిన కిటికీలోంచి బయట మేస్తున్న ఎవరివో గొర్రెలను చూస్తూ, వీటికి గీరు రోగం ఉన్నట్టుంది అన్నాడు.

పటేలు ఇల్లు కొత్తది, మేడ. మా నాయిన చెప్పులు గేటు బయట రోడ్డు మీదే విడిచాడు. వరండా దాకా చెప్పులతో రావచ్చు నాయినా, అక్కడ స్టాండు ఉంది అని చెబుతూనే నేను కూడా రోడ్డు మీదే విడిచాను. రెండు జతలూ ఎండలో కాగుతూ ఉన్నాయి.

లోపల పెద్దాయన టీవీలో పాత సినిమా చూస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు. నేను చిన్నప్పుడు చూసిన పటేలు ఈ ఒంట్లో ఎక్కడో ఒక మూల సర్దుకుని ఉన్నట్టున్నాడు. మా నాయినను చూడగానే ముఖం విప్పారింది. నిజమైన సంతోషమే అది, నేను కాదనను. కుర్చీలో కూర్చోమన్నాడు. మా నాయిన గోడకు ఆనుకుని చల్లని టైల్స్ మీద కూర్చుని, ఇక్కడే హాయిగా ఉందన్నాడు. నేను వెళ్లి సోఫాలో కూర్చున్నాను. ముందే నిర్ణయించుకున్నాను కాబట్టి కూర్చున్నాను. కానీ అంచు మీద కూర్చున్నాను. పటేలమ్మ టీ తీసుకురాగానే లేచాను. ఆమె లోపలికి వెళ్లాక మళ్లీ కూర్చోవాలని తోచలేదు. మిగిలిన మాటలన్నీ నిలబడే మాట్లాడాను.

మంద సంగతి నేనే ఎత్తాను. బస్సులో కూర్చుకున్న మాటలు ఇంకోలా ఉండేవి. నోట్లోంచి మాత్రం, మీరు ఏమీ అనుకోకపోతే, మా అమ్మ ఎకరం ఒకటి ఉంది, మీరు దయచేసి, అని వచ్చాయి. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పక్క గదిలో ఎవరూ తలుపు వేసుకోవాల్సిన అవసరం రాలేదు.

పెద్దాయన టీవీ ఆపేసి మా నాయిన వైపు తిరిగాడు.

“నీకు ఇష్టమని ఊకున్న గదయ్యా,” అన్నాడు. “నేను ఎవుసం బంద్ జేసి నాలుగేండ్లాయె. పొలం కౌలుకు ఇచ్చిన. అయినా నువ్వు ఏటా పానం పెట్టి మంద పెడుతుంటివి. వద్దంటే నీ మనసు నొస్తదని అనలే.”

పొలం కౌలుకు చేస్తున్నది మిర్యాలగూడ మనిషి. పెద్దాయన అక్కడికక్కడే ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. మంద గురించి అడిగితే అవతలి మనిషి కాసేపు నసిగి చివరికి బయటపెట్టాడు. ఆయనకు మంద అసలు వద్దట. గొర్రెలు తిన్న సర్కారు తుమ్మ కాయల గింజలన్నీ గట్ల మీద మొలుస్తున్నాయట, ఏటా వాటిని పీకించడానికి కూలీలను పెడుతున్నాడట. పైగా మంద లేచేదాకా ట్రాక్టరు దించడానికి లేదు. మరి ఎందుకు చెప్పలేదయ్యా అంటే, మంద పెట్టించుకోవడం పెద్దవారికి ఇష్టమనుకున్నాను సార్ అన్నాడు.

అంటే పటేలుకు ఇష్టమని మా నాయిన, మా నాయినకు ఇష్టమని పటేలు, ఆయనకు ఇష్టమని కౌలుదారు, నాలుగేళ్లుగా ఒకరినొకరు మన్నించుకుంటున్నారు. ఇంత మంది ఇంత మర్యాదగా ఉండగా మా అమ్మ పత్తి మాత్రం మోకాలు దాటలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. మర్యాద ముగ్గురిదీ కావచ్చు, పెంటికలు మాత్రం ఒక్కరి పొలంలోనే పడ్డాయి. కౌలుదారు రాకముందు ఎన్నో ఏళ్లు ఆ మర్యాద పటేలుకు పంటగా మారింది. ఆ సంగతి అక్కడ చెప్పాల్సింది. చెప్పలేదు. పెద్దాయన అంత మెత్తగా మాట్లాడుతుంటే చెప్పడానికి నోరు రాలేదు. గట్టిగా మాట్లాడితే నేనూ గట్టిగా మాట్లాడేదాన్ని.

“పోయి నీ పెండ్లాం చెల్కల పెట్టుపో. ఆడపిల్ల ఉసురు మనకెందుకు,” అన్నాడు పెద్దాయన.

మా నాయిన లేచి, అట్లనే పటేలా అని దండం పెట్టాడు. తాగిన టీ గ్లాసు గోడ పక్కన పెట్టి బయటికి నడిచాడు. నేను మా రెండు గ్లాసులూ తీసుకుని వెనక కుళాయి దగ్గరికి వెళ్లి, కడిగి, బోర్లించి వచ్చాను. ఎవరూ కడగమనలేదు. పటేలమ్మ కూడా, అయ్యో నువ్వెందుకు కడుగుతున్నవు మేడం, పనామె ఉన్నది గదా అంది. నన్ను మేడం అన్నది. గ్లాసులు మాత్రం అప్పటికే కడిగేశాను.

తిరుగు బస్సులో మా నాయిన చాలా తేలిగ్గా ఉన్నాడు. ఇవాళే వల తీసుకెళ్లి చెలకలో కట్టేస్తానన్నాడు. నేను కూడా గెలిచినట్టే కూర్చున్నాను. పాఠానికి ఐదో పీరియడు దొరికిందనుకున్నాను.

ఇంటికి రాగానే అమ్మతో, ఈ రాత్రి నుంచి మంద నీ ఎకరంలోనే అన్నాను. అమ్మ బియ్యం ఏరుతోంది. ఎలా ఒప్పుకున్నాడని అడిగింది. మా నాయిన సంతోషంగా, పటేల్ చెప్పిండు అన్నాడు.

అమ్మ చేట కింద పెట్టింది.

“పటేల్ చెప్పిన మంద నాకొద్దు,” అంది.

అవే గొర్రెలు కదా అన్నాడు మా నాయిన. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. అమ్మ మళ్లీ చేట అందుకుంది. నేను రంగంలోకి దిగాను. వాన ముంచుకొస్తోంది, ఎవరు చెప్తే ఏమిటి, పని జరగడం ముఖ్యం, ఈసారికి సర్దుకో, పెద్దాయన మంచి మనసుతో అన్నాడు అని వరసగా చెప్పుకుంటూ పోయాను. నా ప్రాణంలాంటి పాఠాన్ని చివరి నుంచి మొదటికి చదువుతున్నానని నాకు తట్టనే లేదు.

అమ్మ అంతా విని, “సూర్యాపేటకు మీ నాయిన పోతనన్నడా, నువ్వు తోలుకపోయినవా?” అని అడిగింది.

నేనే అన్నాను.

“మన గొర్లు, మన నేల. నడుమ ఆయన యాడికెల్లి వచ్చిండు? ఆయన రాలే బిడ్డా. మీ నాయిన ఏమనుకుంటడో అని ఒక్క మాట అన్నడు, అంతే. పోయి సెలవడిగింది నువ్వు.”

నాకు కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. సిగ్గేసింది. ఎనిమిదెకరాలున్న పెద్దమనిషి దగ్గర నిలబడి, మా అమ్మ పేరు మీదున్న నేలలో మా గొర్రెలు పడుకోవడానికి అనుమతి తెచ్చి, దాన్ని గెలుపు అనుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. ఏడాదికి నాలుగు పీరియడ్లు ఆ పాఠం చెబుతున్న మనిషిని.

బుధవారం, గురువారం మంద బండల మీదే ఉంది. కాలేజీ నుంచి జ్వరం తగ్గిందా అని ఫోన్ వస్తే ఇంకా ఉందన్నాను. ఆకాశంలో పొద్దున లేని మబ్బులు మధ్యాహ్నానికి వస్తున్నాయి. మా నాయిన మేతకు వెళ్తూ వస్తూ అమ్మ వైపు చూసేవాడు. అమ్మ అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం పెట్టలేదు. ఆ ఎకరం కోసం పందొమ్మిదేళ్లు అడిగిన మనిషి, అది చేతికందే దూరంలోకి వచ్చాక వద్దంటోంది. పట్టుదలకు పోయి ఈ ఏడు కూడా పోగొట్టుకుంటుందేమోనని నాకు భయంగా ఉండేది. ఆమెకు లేదా? రెండుసార్లు వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూసి లోపలికి వెళ్లడం చూశాను.

శుక్రవారం పొద్దు వాలుతుండగా మా నాయిన మందను గుట్ట కింద తన తమ్ముడికి అప్పగించి ఒక్కడే ఇంటికి వచ్చాడు. వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. నన్ను పొమ్మనలేదు, నేనూ పోలేదు.

“అబద్ధమెందుకు,” అన్నాడు. “పటేల్ చెప్పకుంటే నేను పెట్టేటోణ్ని గాదు. నీ చెల్క నాకు యాదికి లేక కాదు. రోజూ దాని పక్క పొంటనే పోత. కానీ ఒకరు చెప్పకుంట మందను మలుపుడు నాకు శాతగాదు. చిన్నప్పటి సంది అట్లనే అలవాటైంది.”

“మరి నేను చెప్పలేదా? పందొమ్మిదేండ్ల సంది చెప్తున్న గద.”

మా నాయిన ఆలోచించాడు. మా నాయిన ఆలోచించేటప్పుడు ముఖం మీద అంతా కనిపిస్తుంది. నిజంగా వెతుకుతున్నాడు.

“నువ్వు చెప్పినట్టు అనిపియ్యలే. అడుగుతున్నట్టు అనిపిచ్చింది,” అన్నాడు.

ఆ మాటకు అమ్మ కొట్టినా నేను ఆపేదాన్ని కాదు. కానీ ఆ మనిషి ముఖంలో మోసం లేదు. అమ్మ కూడా అదే చూసిందేమో, కొంగు నడుముకు దోపుకుని నిలబడింది.

“అట్లనా. అయితే ఇగ ఇప్పుడు చెప్తున్న. మందను తోలు.”

మా నాయిన లేచాడు. మూలనున్న వల భుజాన వేసుకున్నాడు. గడప దాటబోతూ ఆగి, ఏ మూల నుంచి మొదలుపెట్టమంటవని అమ్మను అడిగాడు. తూర్పు మూల నుంచి అంది అమ్మ. మా నాయిన తూర్పు మూలకు వెళ్లాడు. అంత సులువుగా అయిపోయింది. అంత సులువుగా అయిపోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే అది పందొమ్మిదేళ్ల కిందట కూడా ఇంతే సులువుగా ఉండి ఉంటుంది.

మంద ఐదు రాత్రులు పడింది. ఆరో రోజు, బుధవారం మధ్యాహ్నం, మిరుగు వాన దబదబా కురిసింది. అప్పటికి చెలకలో సరిగ్గా సగం అయింది. నేను రాకుండా గడిపిన ఆరు రోజులూ, సూర్యాపేట కోసం పోగొట్టిన రోజులూ మిగిలి ఉంటే మొత్తం అయ్యేది. మా నాయిన తడుస్తూనే వల చుట్టాడు. నేను ఆ సరికే కోదాడకు తిరిగి వెళ్లి, లేని జ్వరానికి తెచ్చిన మందుల చీటీని కరస్పాండెంటు గారికి చూపించి ఉన్నాను.

సెప్టెంబరులో రెండు రోజుల సెలవుకు ఊరికి వెళ్లాను. ఈసారి సెలవు అడిగి తీసుకున్నాను, గదిలోకి వెళ్లి, కుర్చీలో కూర్చుని. అమ్మ వెంట చెలకకు వెళ్తే, తాడు పట్టి గీత గీసినట్టు ఎకరం రెండు ముక్కలుగా ఉంది. తూర్పు సగంలో పత్తి నా నడుము దాటి, నల్లటి పచ్చగా, కొమ్మకొమ్మకూ కాయలతో ఉంది. పడమటి సగం ఎప్పటిలాగే మోకాలి దగ్గర ఆగి పసుపుపచ్చగా ఉంది. అమ్మ గట్టు మీద దర్జాగా కూర్చుంది. దారిన పోయేవాళ్లు చాలామందే ఉన్నారు, అందరికీ రెండు సగాలూ కనిపిస్తున్నాయి.

కైకిలి కూలికి పోతున్న ఒకామె ఆగి, ఒక్క చెల్కల ఇదేంది వదినా, రెండు తీర్ల ఉన్నది అని అడిగింది.

అమ్మ ముందు తూర్పు వైపు చేయి చూపింది. “గీ దిక్కు మంద పడ్డది,” అంది. తర్వాత పడమటి వైపు చూపించి, నా ముఖం వైపు కూడా చూడకుండా, “గా దిక్కు మా పెద్ద బిడ్డ సదువు పడ్డది,” అంది.

ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నేను కొంగు బిగించి, పడమటి సగంలోకి దిగి కలుపు తీయడం మొదలుపెట్టాను. ఆ పని మాత్రం ఎవరూ చెప్పకముందే చేశాను.